రంగు ఆఖర్న

హైదరాబాద్ ప్రగతి నగర్‌లో ఇల్లు కొనుక్కునేవాళ్లలో ఎక్కువమంది చూపు హైటెక్ సిటీ వైపే. పొద్దున్నే జేఎన్‌టీయూ మీదుగా క్యాబులు బారులు తీరేదీ అటే. చింతల్, జీడిమెట్ల, బాలానగర్ ఉన్న రెండో వైపుకి పనిబడితే తప్ప ఎవరూ పోరు. అయితే ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న వర్క్‌షాప్ పెట్టుకోవాలన్న పిచ్చి పట్టినవాడికి హైదరాబాద్‌లో ఇంతకన్నా మంచి చోటు దొరకదు. నర్సాపూర్ రోడ్డులో హెచ్ఎంటి మెషిన్ టూల్స్ ఉంది. బాలానగర్‌లో డై, మోల్డ్ పని నేర్పడానికి ఐక్యరాజ్యసమితి సాయంతో 1968లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. వాటి చుట్టూ సందుసందుకీ లేతు, షేపర్, మిల్లింగ్ మెషిన్ పెట్టుకుని జాబ్ వర్క్ చేసే చిన్న షాపులున్నాయి. సికింద్రాబాద్ కవాడిగూడలో 1943లో మొదలైన ప్రాగా టూల్స్‌తో కలిపి చూస్తే, ఈ ఊళ్లో సాఫ్ట్‌వేర్ పుట్టకముందే మెషిన్లను చేసే మెషిన్లు పుట్టాయి. తర్వాత ప్రాగా కూడా హెచ్ఎంటిలోనే కలిసిపోయింది.

ఆ షాపులు ఇప్పుడు కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీకి మారుతున్నాయి. మారినప్పుడల్లా చేత్తో తిప్పే పాత మిల్లింగ్ మెషిన్ ఒకటి బయటికొస్తుంది. దాన్ని తుక్కు వ్యాపారి కిలోల లెక్కన కొంటాడు. మన పని ఆ తూకానికీ కొలిమికీ మధ్య దూరడం.

మిల్లింగ్ మెషిన్ ఏం చేస్తుందో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. లేతులో పని తిరుగుతుంది, పనిముట్టు నిలబడి ఉంటుంది. మిల్లింగ్‌లో పళ్లున్న కట్టర్ తిరుగుతుంది, టేబుల్ మీద బిగించిన పని దాని కిందికి వస్తుంది. టేబుల్ మూడు దిక్కుల్లో కదులుతుంది. చదును చేయడం, గాడి తీయడం, షాఫ్టు మీద కీ గాళ్లు కొట్టడం, గేర్ల పళ్లు కోయడం ఇవన్నీ దాని పనులే. డ్రిల్ బిట్టు మీది మెలి గాళ్లు కోయడానికి అమెరికాలో జోసెఫ్ బ్రౌన్ 1861లో రూపొందించిన యూనివర్సల్ మిల్లింగ్ మెషిన్‌కీ, ఈ రోజు బాలానగర్ షెడ్డులో కనిపించేదానికీ ఎముకల గూడు ఒకటే.

ఇంటికి తెచ్చుకునే ముందు సైజు చూసుకోవాలి. హెచ్ఎంటి ఎఫ్ఎన్2 చూడగానే ఆశ పుడుతుంది గానీ అది రెండు టన్నులు దాటుతుంది, ఇంటికి పనికిరాదు. టూల్ రూముల్లో వాడే, ఎం1టిఆర్ అనే టరెట్ రకం మెషిన్లు, బటాలా నుంచి వచ్చిన చిన్న మిల్లింగ్ మెషిన్లు నయం. అవైనా టన్ను అటూ ఇటూ ఉంటాయి. భారత ప్రమాణాల ప్రకారం ఇంటి స్లాబును చదరపు మీటరుకి సుమారు 200 కిలోల బరువుకి లెక్కగడతారు. ఆ టన్నంతా ఒక చదరపు మీటరు మీద నిలబడుతుంది. కాబట్టి మేడ మీద గది ఖాళీగా ఉందన్న ఆలోచన అక్కడే ఆపేయాలి. నేల మీద, కాంక్రీటు బెడ్డు మీదే పెట్టాలి.

కొనేటప్పుడు రంగు చూడకండి. పాత మెషిన్‌కి కొత్త ఆకుపచ్చ రంగు కొట్టి అమ్మడం తెలియని వ్యాపారి లేడు. ఏళ్ల తరబడి దసరా ఆయుధ పూజల్లో పెట్టిన పసుపు కుంకుమ బొట్ల మరకలు కాలమ్ మీద అలాగే ఉన్న మెషిన్ మీద నాకు నమ్మకం ఎక్కువ. దాన్ని ఎవరూ దాచిపెట్టి అమ్మడం లేదు. చేతి చక్రం పట్టుకుని టేబుల్‌ని ఈ చివర నుంచి ఆ చివరి దాకా తిప్పి చూడండి. మధ్యలో వదులుగా, చివర్లకి వెళ్లేకొద్దీ బిగుతుగా ఉంటే దాని చరిత్ర చేతికి తెలిసిపోతుంది. పని ఎప్పుడూ టేబుల్ మధ్యలోనే బిగిస్తారు, అందుకే అరుగుదలంతా మధ్యలోనే. స్లైడ్ పక్కన వదులు సర్దే బద్దని, అంటే గిబ్‌ని బిగించి ఆ వదులు తీసేద్దామనుకుంటే చివర్లలో టేబుల్ పట్టేస్తుంది. లీడ్‌స్క్రూ కూడా మధ్యలోనే అరుగుతుంది. చక్రాన్ని వెనక్కి తిప్పినప్పుడు టేబుల్ కదలకుండా ఎంత తిరుగుతుందో అదే ప్లే. ప్లే ఎక్కువ ఉన్న మెషిన్ మీద కట్టర్ తిరిగే దిక్కులోనే టేబుల్‌ని నడిపితే కట్టర్ టేబుల్‌ని ఒక్కసారిగా లోపలికి లాక్కుంటుంది. కట్టర్ విరుగుతుంది, దాన్ని పట్టే అర్బర్ వంగుతుంది, వేళ్లు అక్కడుంటే ఇంకా ఘోరం. పాత మెషిన్ మీద ఎప్పుడూ ఎదురు దిక్కులోనే కోయాలి.

స్పిండిల్ టేపర్‌లోకి టార్చి వేసి చూసి, వేలు పెట్టి తడమాలి. లోపల దెబ్బలుంటే వేలికి తెలుస్తాయి. డయల్ గేజి పెట్టి చేత్తో తిప్పినప్పుడు ముల్లు మిల్లీమీటరులో నూరో వంతు లోపు ఊగితే అదృష్టం. అంతకన్నా ఎక్కువైతే బేరింగులు మార్చాల్సి రావచ్చు. రాణిగంజ్‌లో దొరకని బేరింగు ఉండదు గానీ, పెద్ద కంపెనీల పేర్లతో నకిలీలు కూడా వస్తుంటాయి కనుక అధీకృత డీలర్ దగ్గర బిల్లు తీసుకుని కొనడం మేలు.

విప్పే పనిలో కిరసనాయిలు, డీజిల్, బనియన్ వేస్టు, ఇత్తడి గీకుడు బద్ద చాలు. దశాబ్దాల గ్రీజు, రజను కలిసి గట్టిపడిన నల్లటి పొర కింద మెషిన్ చాలాసార్లు కొత్తగానే ఉంటుంది. తుప్పు పట్టిన చిన్న భాగాలకి నిమ్మ ఉప్పు నీళ్లు మంచివి. ఇత్తడి బిందెలు తోమే చింతపండు పులుసు కూడా పనిచేస్తుంది, కాస్త నెమ్మదిగా. ఏదైనా పులుపే కనుక తర్వాత సోడా నీళ్లలో కడిగి, ఆరబెట్టి, వెంటనే నూనె పట్టించాలి. ఒక్క హెచ్చరిక: టేబుల్ జారే స్లైడ్ల మీద మాత్రం గ్రైండరూ ఎమరీ పేపరూ పెట్టకూడదు. తళతళ మెరిపించాలన్న ఉత్సాహంతో పది నిమిషాలు ఎమరీ కొడితే ఇరవై ఏళ్ల అరుగుదల అప్పుడే జరిగిపోతుంది.

ఇక్కడి నుంచే అసలు విద్య. పాత మెషిన్ విలువంతా ఉన్నది బరువులో కాదు, మోటారులో కాదు. టేబుల్ చదునుగా ఉందా, అది కదిలే దారి సూటిగా ఉందా, ఆ దారికి స్పిండిల్ నిలువుగా ఉందా అన్న మూడు ప్రశ్నల్లో ఉంది. ఈ మూడూ పోయాయంటే మిగిలింది బీడు దిమ్మె. వాటిని తిరిగి తెచ్చేది చేతి స్క్రేపింగ్.

పద్ధతి వినడానికి చాలా చిన్నది. సర్ఫేస్ ప్లేటు మీద ప్రష్యన్ బ్లూ పల్చగా, దాదాపు కనిపించనంత పల్చగా రాస్తారు. దాని మీద స్లైడ్‌ని ఆనించి కొద్దిగా కదుపుతారు. ఎత్తుగా ఉన్న చోట్లకి మాత్రమే నీలం అంటుతుంది. కార్బైడ్ అంచున్న స్క్రేపర్‌తో ఆ నీలం చోట్లనే గీకుతారు. ఒక్క గీతకి పోయేది కొన్ని మైక్రాన్లు. తుడిచి, మళ్లీ ఆనించి, మళ్లీ గీకాలి. మొదట రెండు మూడు పెద్ద మరకలు కనిపిస్తాయి. అవి చీలి పది అవుతాయి, ఆ పది ముప్పై అవుతాయి. అంగుళం చదరంలో పది నుంచి ఇరవై చుక్కలు సమంగా పరుచుకున్నప్పుడు ఫిట్టర్ ఆగుతాడు. ఆ చుక్కల మధ్య మిగిలిన సన్నటి పల్లాల్లో నూనె నిలుస్తుంది. అద్దంలా పాలిష్ చేసిన రెండు బీడు తలాలు ఒకదానికొకటి అతుక్కుని పట్టేస్తాయి. స్క్రేప్ చేసినవి నూనె పొర మీద జారతాయి. పూర్వపు మెషిన్ల స్లైడ్ల మీద కనిపించే గళ్లగళ్ల మెరుపు వట్టి అలంకారం కాదు.

మరి ఆ సర్ఫేస్ ప్లేటు చదునుగా ఉందని ఎవరు చెప్పాలి? ఈ ప్రశ్నకి జోసెఫ్ విట్‌వర్త్ 1840లో గ్లాస్గోలో చదివిన పత్రంలో జవాబు చెప్పాడు. రెండు ప్లేట్లనే ఒకదానితో ఒకటి సరిచేస్తే ఒకటి ఉబ్బి, రెండోది గుంటపడి కూడా చక్కగా అతకవచ్చు. మూడు తీసుకుని ఒక్కో జతగా మార్చి మార్చి సరిచేస్తే ఆ మోసం కుదరదు. మూడూ ఒకదానితో ఒకటి అతికాయంటే చదునుగా ఉండడం తప్ప వాటికి వేరే దారి లేదు. ఏ కొలత పరికరమూ లేకుండా, మూడు బీడు పలకలూ ఓపికా ఉంటే చదును పుడుతుంది. ప్రపంచంలోని మెషిన్లన్నిటి ఖచ్చితత్వం చివరికి ఇక్కడికే చేరుతుందని తెలిసినప్పుడు నాకు కంప్యూటర్ల మీద ఉన్న భక్తి కాస్త తగ్గింది.

ఇంట్లో అంత దూరం పోనక్కర్లేదు, గ్రేడు పత్రం ఉన్న గ్రానైట్ సర్ఫేస్ ప్లేటు కొనుక్కోవచ్చు. వంటింటి గట్టుకి వేసిన చీమకుర్తి గ్రానైట్ ముక్క మిగిలింది కదా అని దాన్ని వాడకండి. అది మెరుస్తుంది, చదును మాత్రం కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో మెషినే చెబుతుంది. టేబుల్ అంతగా వెళ్లని స్లైడ్ చివర్లలో ఫ్యాక్టరీ ఫిట్టర్ గీకిన గుర్తులు ఇంకా ఉంటాయి. వాటిని ఆధారంగా పట్టుకుని మిగతాది దించుకుంటూ రావాలి. బాలానగర్ షాపుల్లో ఉస్తాద్ పక్కన ఏళ్లు నిలబడి నేర్చుకున్న పని ఇది. ఇప్పుడు చేసేవాళ్లు తగ్గిపోయారు. అలాంటి ఫిట్టర్ ఒకరు ఒక ఆదివారం వచ్చి స్క్రేపర్ పట్టుకునే తీరు చూపిస్తే ఎన్ని వీడియోలు చూసినా రానిది వస్తుంది. ఆ ఆదివారానికి కూలి అడిగినంతా ఇవ్వండి.

అందరూ స్క్రేప్ చేయాల్సిందేనా? కాదు. ఇంటి పనికి మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు తేడా చాలాసార్లు పట్టింపు కాదు. గిబ్ సర్దుకుని, కదపని దిక్కుల్ని లాక్ చేసి, సర్వోవే 68 లాంటి స్లైడ్ నూనె రోజూ పోస్తే అరిగిన మెషిన్ కూడా మర్యాదగా పనిచేస్తుంది. ముందు కొలిచి, ఆ తర్వాత నిర్ణయించుకోవాలి.

ఇక కరెంటు. ఇంటికి తెచ్చినవాళ్లు ముందు భయపడేది దీనికే, నిజానికి తేలిగ్గా తీరేదీ ఇదే. మెషిన్ మోటారుకి 415 వోల్టుల త్రీ ఫేజ్ కావాలి. ఇంట్లో త్రీ ఫేజ్ సర్వీసు ఉంటే గొడవే లేదు, ఎలక్ట్రీషియన్ చేత షెడ్డుకి విడిగా లైను లాగించుకోవడమే. సింగిల్ ఫేజ్ మాత్రమే ఉంటే మన పల్లెల్లో పాత విద్య ఒకటుంది. సింగిల్ ఫేజ్ కరెంటు మాత్రమే వచ్చే వేళల్లో రైతులు కెపాసిటర్లు తగిలించి బోరు మోటార్లు తిప్పేవారు. అదే ఉపాయం ఇక్కడా పనిచేస్తుంది గానీ మోటారు శక్తి మూడో వంతు దాకా పోతుంది, వేడెక్కుతుంది. కాలిన వైండింగుల వాసన తెలిసిన ఏ రైతూ దాన్ని మెచ్చుకోడు.

ఇప్పుడు వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్, అంటే వీఎఫ్‌డీ ఉంది. ఇంటి 230 వోల్టులు తీసుకుని త్రీ ఫేజ్‌గా మార్చి ఇస్తుంది, వేగం కూడా మార్చుకోవచ్చు. కాకపోతే అది ఇచ్చే త్రీ ఫేజ్ కూడా 230 వోల్టులే. ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు. మన దేశపు మోటార్లలో రెండు హార్స్‌పవర్ దాకా సాధారణంగా స్టార్ కనెక్షన్‌లో ఉంటాయి. స్టార్‌లో ఒక్కో వైండింగు మీద పడేది 415 కాదు, దాన్ని 1.732తో భాగించగా వచ్చే 240. కాబట్టి టెర్మినల్ పెట్టె తెరిచి పత్తీలు మార్చి డెల్టాగా కలిపితే ఆ మోటారు 230 వోల్టులతో నిండు బలంతో తిరుగుతుంది. పెట్టెలో ఆరు చివర్లకి బదులు మూడే కనిపిస్తే మిగతా మూడింటిని వైండింగ్ షాపులో బయటికి తీయించాలి. మోటారు నేమ్‌ప్లేటు మీద 415 డెల్టా అని ఉంటే ఈ ఉపాయం చెల్లదు. అప్పుడు మోటారు మార్చుకోవడమే. అలా చేసినందుకు మెషిన్ ఆత్మ ఏమీ పోదు.

రెండు హార్స్‌పవర్ వీఎఫ్‌డీ సింగిల్ ఫేజ్ నుంచి నిండు లోడులో 14, 15 ఆంపియర్లు లాగుతుంది. ఏసీ సాకెట్‌కి తగిలించకుండా విడిగా ఎంసీబీ, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, గట్టి ఎర్తింగ్ పెట్టించాలి. వీఎఫ్‌డీకీ మోటారుకీ మధ్య పాత ఫార్వర్డ్-రివర్స్ స్విచ్చి ఉంచకూడదు. తిరుగుతుండగా దాన్ని తిప్పితే వీఎఫ్‌డీ పోతుంది. ఆ స్విచ్చి మీద మోజుంటే దాని వైర్లు వీఎఫ్‌డీ కంట్రోల్ టెర్మినళ్లకి కలపవచ్చు, చేతికి పాత తిప్పుడే, లోపల కొత్త పని. కరెంటు ఆపాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజి కొన్ని నిమిషాలు ఉంటుంది, మూత వెంటనే తీయకూడదు. నాబ్ తిప్పి వేగం తగ్గించవచ్చు కదా అని బెల్టు మార్చడం మానేయకండి. 20, 25 హెర్ట్‌జ్ కిందికి దిగితే మోటారు ఫ్యాన్ చల్లబరచలేదు, బలమూ చాలదు. పెద్ద కట్టర్‌కి నెమ్మది వేగం కావాలంటే పుల్లీ మీద బెల్టు కిందికి మార్చుకోవాల్సిందే.

ఇంత శ్రమ ఎందుకు, రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది కదా అనేవాళ్లుంటారు. 2023 మార్చిలో తెరిచిన ఆ ప్రోటోటైపింగ్ కేంద్రం నిజంగా మంచిది. కావాల్సింది ఒక్క పార్టే అయితే అక్కడికి వెళ్లడమే తెలివి. ఈ మెషిన్ మాత్రం పార్టుల కోసం కాదు. చక్రం తిప్పే చేతికి కట్టర్ బరువు తెలియడం, పార్టు తప్పు వచ్చినప్పుడు తప్పు ఎక్కడుందో విప్పి చూడగలగడం, అవసరమైతే ఆ తప్పుని గీకి తీసేయడం సీఎన్‌సీ ముందు కూర్చుంటే రాదు.

రంగు ఆఖర్న. అన్నీ కుదిరి, డయల్ గేజితో హెడ్డుని టేబుల్‌కి సరిచేసుకుని, ఒక అల్యూమినియం దిమ్మె మీద మొదటి కోతలు పక్కపక్కన తీసి, వాటికి అడ్డంగా గోరు పెట్టి గీస్తే మెట్టు తగలకపోతే అప్పుడు రంగు డబ్బా తెరవచ్చు. మెట్టు తగిలితే హెడ్డు ఇంకా ఒక పక్కకి వాలి ఉందన్నమాట. మొదటి అసలు పని మెషిన్ సొంతానికే: టేబుల్ గాళ్లలో కూర్చుని పనిని బిగించే టీ-నట్లు. ఆ గాళ్ల కొలత ఒక్కో మెషిన్‌కి ఒక్కో రకం, బజార్లో తెచ్చినవి తరచూ సరిపోవు. ముందు మైల్డ్ స్టీల్ పట్టీ ఒకటి తెచ్చి అరడజను కోసుకుంటే, చేతి చక్రం పిడి విరిగి ఉంటే దాని సంగతి తర్వాత చూసుకోవచ్చు.