క్షమాప్రార్థనలో మూడో మనిషి

భక్తి సాహిత్యం అనగానే మన అభ్యుదయ విమర్శకులు సాధారణంగా రెండు దారుల్లో ఏదో ఒకటి పట్టుకుంటారు. ఒకటి, అదంతా భావవాదమని ఒక్కమాటతో కొట్టిపారెయ్యడం. రెండవది, శిల్పాన్ని మెచ్చుకొని వస్తువు జోలికి పోకుండా తప్పుకోవడం. అన్నమయ్య, రామదాసుల విషయంలో ఈ రెండు పనులూ జరిగాయి. తెలుగు క్రైస్తవ సాహిత్యం విషయంలో ఆ మాత్రం కూడా సరిగా జరగలేదు. లక్షలాది పేదలు ప్రతి ఆదివారం నోరారా పలికే భాష అది. అందులో పదేపదే వినిపించే మాట 'క్షమించు' అన్నది. ఎవరు, ఎవరిని, దేనికి క్షమించమంటున్నారు? ఈ ప్రశ్న వేసుకోకుండా ఆ సాహిత్యాన్ని పొగడటంగాని తెగడటంగాని విమర్శ అనిపించుకోదు.

నాకీ ప్రశ్న పుస్తకంలో ఎదురుకాలేదు. జహీరాబాదు దగ్గరి ఒక పల్లెలో, డిసెంబరు 31 రాత్రి జరిగిన ప్రార్థన కూటంలో ఎదురైంది. అప్పటికి నేను ఉద్యోగంలో కొత్త. గడచిన తప్పులు ఒప్పుకొని కొత్త సంవత్సరంలోకి అడుగుపెట్టడం ఆ రాత్రి ఆచారం. డెబ్బై దాటిన ఒక అవ్వ మోకాళ్లూని, చిన్నతనంలో పటేలు చేనుకు కోతకు పోయినప్పుడు నాలుగు జొన్నకంకులు ఒడిలో దాచుకొచ్చిన సంగతి చెప్పి, ఏడుస్తూ దేవుణ్ణి క్షమాపణ వేడుకుంది. కూటం ముగిశాక ఉండబట్టలేక, "ఆకలికి తెచ్చుకున్న నాలుగు కంకులకు ఇన్నేండ్లు ఏడుస్తవా అవ్వా?" అన్నాను. "ఆకలైతేంది సారూ, దొంగతనం దొంగతనమే గద" అన్నది. కొంచెంసేపాగి తనే మళ్లీ చెప్పింది: "ఆ పటేలింట్ల రెండు మానికెలుండె. గింజలు తీస్కునేటిదొకటి, కూలి కొలిచేటిదొకటి." మరి ఆయనెప్పుడైనా క్షమాపణ అడిగాడా అన్నాను. "ఆయనెందుకు అడుగుతడు సారూ? ఆయనకు కూటం యాడిది?" అన్నది.

ఆ రెండో మానికే ఈ వ్యాసానికి మూలం. దొంగిలించిన నాలుగు కంకులకు ప్రార్థన ఉంది, కన్నీరుంది, సాక్ష్యముంది. దొంగకొలత కొలిచిన ఏళ్ల తరబడి కూలికి ఏమీ లేదు.

అయితే దీన్నిబట్టి పశ్చాత్తాపమనేది పీడితుల మెడకు కట్టిన మరో గుదిబండ అని తేల్చెయ్యడం తొందరపాటవుతుంది. చారిత్రక నేపథ్యాన్ని విస్మరించరాదు. ఉమ్మడి మెదకు జిల్లా పల్లెల్లో మాల మాదిగలు పెద్దసంఖ్యలో క్రైస్తవంలోకి వచ్చారు. చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదకు చర్చి కరువురోజుల్లో పనికి తిండిపెడుతూ కట్టించినది. గంజికోసం మతం మారారని ఎకసెక్కం చేసేవాళ్లు ఈ సంగతే ఎత్తిచూపుతారు. వాళ్లు గమనించని విషయం ఒకటుంది. అంతకుముందు ఊరు ఈ ప్రజలకు అంటగట్టినది పాపం కాదు, మైల. మైల పుట్టుకతో అంటుకునేది. ఎంత ఏడ్చినా, ఎన్నిసార్లు మునిగినా పోనిది. పాపం అలాంటిది కాదు. అది మనిషి చేసినది. చేసినదాన్ని ఒప్పుకోవచ్చు, విడిచిపెట్టవచ్చు. 'నేను పాపిని' అన్న మాటను పటేలు, మాదిగ ఇద్దరూ ఒకే దేవుని ముందు ఒకే అర్థంలో అనవలసి వచ్చినప్పుడు, పుట్టుకతో వచ్చిన హెచ్చుతగ్గులు కనీసం ఆ వాక్యంలోనైనా చెల్లవు. పూజారి మధ్యవర్తిత్వం లేకుండా, సొంత మాటల్లో, దేవునితో నేరుగా మాట్లాడే హక్కు ఆ అవ్వకు దక్కింది. ఇది చిన్న విషయం కాదు.

లోపం మరోచోట ఉంది. తెలుగు క్రైస్తవ కీర్తనకు తొలి రూపమిచ్చినవారిలో పురుషోత్తమ చౌదరి (1803-1890) ముఖ్యుడు. బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, క్రైస్తవుడై, తెలుగులో రాగతాళయుక్తంగా కీర్తనలు కట్టాడు. క్రైస్తవ వస్తువు మన భక్తికవుల మూసలోకి వచ్చి కూర్చున్నది. ఆ మూసలో పాత్రలు ఇద్దరే: భక్తుడు, భగవంతుడు. రామదాసు చెరసాలలో తాను చేయించిన నగలకు లెక్కచెప్పి రాముణ్ణి నిలదీసినా, ఆ లెక్క కూడా వాళ్లిద్దరి మధ్యదే. క్షమాపణ కీర్తనలోనూ అంతే. పాపి వేడుకుంటాడు, ప్రభువు కరుణిస్తాడు. ఆ పాపంవల్ల నష్టపోయిన మనిషి, అంటే మూడో మనిషి, ఎక్కడా కనిపించడు. కనిపించని మనిషికి బాకీ తీర్చవలసిన అవసరం ఎవరికుంటుంది?

క్రైస్తవ మూలగ్రంథం మాత్రం ఆ మూడో మనిషిని మరవలేదన్నది నిర్వివాదాంశం. యేసు శిష్యులకు నేర్పిన ప్రార్థన రెండు సువార్తల్లో ఉంది. తెలుగు అనువాదంలో లూకా 'పాపములు' అన్నచోట మత్తయి 'ఋణములు' అంటాడు. ఇది అనువాదకుల చమత్కారం కాదు. యేసు మాట్లాడిన అరమాయిక్ భాషలో అప్పుకూ పాపానికీ ఒకే మాట ఉండేది. పైగా ఆ ప్రార్థనలో, మనకు బాకీపడ్డవాళ్లను మనం వదిలిపెట్టడంతో ముడిపెట్టి తప్ప, క్షమాపణ అడగటానికి వీల్లేదు. అదే మత్తయి చెప్పిన కథ ఒకటుంది. పదివేల తలాంతుల అప్పు రాజు మాఫీ చేస్తే, ఆ మనిషి బయటికొచ్చి తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటివాడి గొంతు పట్టుకున్నాడు. దేనారం ఆనాటి ఒకరోజు కూలి. తలాంతు సుమారు ఆరువేల దేనారాలు. అంటే ఆరుకోట్ల రోజుల కూలి వదిలించుకున్నవాడు నూరురోజుల కూలి వదలలేకపోయాడన్నమాట. రాజు మాఫీని రద్దు చేశాడు.

అప్పు అన్న మాట మా ప్రాంతపు జీతగాళ్లకు ఉపమానం కాదు. తాత తీసుకున్న అప్పుకు మనవడు పశువులు కాసిన రోజులు మరీ పాతవేమీ కావు. 1976లో వచ్చిన వెట్టిచాకిరి నిర్మూలన చట్టం తన నిర్వచనంలోనే జీతం, పాలేరు, భగేలా, వెట్టి అన్న మాటలను పేరుపేరునా చేర్చుకోవలసి వచ్చింది. అటువంటి నేలమీద 'మా ఋణాలు' అన్న మాటను కేవలం ఆత్మకు సంబంధించిన మాటగా బోధించడం, ఆ ప్రార్థనలోని సగం అర్థాన్ని పటేలు గాదెలో దాచిపెట్టడమే.

జక్కయ్య కథ ఇంకా స్పష్టం. యెరికోలో సుంకం వసూలు చేసి ధనవంతుడైనవాడు. అతడు మోకరించి ఏడ్చినట్టుగాని, నన్ను క్షమించమన్నట్టుగాని లూకా రాయలేదు. ఆస్తిలో సగం పేదలకిస్తానన్నాడు. అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. ఆ మాట తర్వాతే యేసు ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు. బలిపీఠం ముందు కానుక పెట్టబోతూ, సోదరునికి నీమీద ఫిర్యాదుందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు అతనితో సమాధానపడమన్న బోధ కూడా ఇలాంటిదే. ఇక ప్రవక్త ఆమోసు కొలపాత్రను చిన్నది చేసే వర్తకుల్ని పేరుపెట్టినంత పని చేశాడు. రెండో మానికె బైబిలుకు తెలుసు. తెలియనిది మన కూటాలకే.

మన సాహిత్యంలో ఈ లెక్కను తిరగేసినవాడు జాషువ. క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు, 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందినవాడు. అయినా ఆయన గొప్ప విన్నపం 1941 నాటి 'గబ్బిలం'లో ఉంది. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడును గబ్బిలంతో శివునికి పంపుతాడు. ఆ విన్నపంలో నేను పాపినన్న మాట కాదు, నాకు అన్యాయం జరిగిందన్న మాట ముఖ్యం. కీర్తనలో కనిపించని మూడో మనిషే ఇక్కడ నోరువిప్పాడు. ప్రార్థనకు ఫిర్యాదు రూపం కూడా ఉండవచ్చునని ఆయన చూపాడు.

ఇదే సమస్యను టాల్‌స్టాయ్ 1899 నాటి 'పునరుత్థానం' నవలలో అవతలివైపు నుంచి చూశాడు. ప్రభువంశీకుడు నెహ్ల్యూదొవ్ తాను చెరిచిన కత్యూషను కోర్టులో ముద్దాయిగా చూసి పశ్చాత్తాపపడతాడు. భూమిని రైతులకు వదులుకుంటాడు. ఆమె మాత్రం అతని కన్నీటికి వెంటనే కరగదు. తనను అడ్డం పెట్టుకొని అతడు తన ఆత్మను కాపాడుకోవాలని చూస్తున్నాడని ముఖంమీదే తిడుతుంది. క్షమించడం, క్షమించకపోవడం నష్టపోయినవారి హక్కు అన్న గ్రహింపు అందులో ఉంది. దేవుని పేరుతో ఆ హక్కును ఎవరూ లాక్కోరాదు.

మతం నిజమైన బాధకు వ్యక్తీకరణ మాత్రమే కాదు, ఆ బాధపై నిరసన కూడానని మార్క్స్ 1844లోనే గుర్తించాడు. మనవాళ్లు ఆ వాక్యాలు దాటేసి నల్లమందు దగ్గరే ఆగిపోతారు. అవ్వ ఏడుపులో ఆ రెండూ ఉన్నాయి. కంకుల గురించి చెప్పింది దేవునికి. మానికెల గురించి చెప్పింది నాకు. రెండో మాటను కూడా కూటంలో గట్టిగా చెప్పే రోజు రావాలి. దాన్ని రాయవలసిన పని మాత్రం రచయితలది.

అవ్వ ఇప్పుడు లేదు. ఆమె నాలుగు కంకుల బాకీ ఏనాడో తీరిపోయింది. ఆమెకు రావలసిన బాకీ ఇంకా అలాగే ఉంది.