సెలైన్ సంచి, సొంత కండ

1982 ఫిబ్రవరిలో అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసాలు వేసింది. ఒకటి చెడోమిర్ రాడొవాన్‌ది. రొమ్ము తీసేశాక చర్మం కింద సిలికాన్ సంచి పెట్టి, దఫదఫాలుగా సూదితో సెలైన్ ఎక్కించి చర్మాన్ని సాగదీస్తారు. ఆ తర్వాత సంచి తీసి ఇంప్లాంట్ అమరుస్తారు. ఆ సాగదీసే సంచే టిష్యూ ఎక్స్‌పాండర్. రెండోది కార్ల్ హార్ట్రాంఫ్ బృందానిది. పొత్తికడుపు చర్మాన్ని, కొవ్వును రక్తం అందించే కండతో సహా ఛాతీ మీదికి జరిపి రొమ్ము మలుస్తారు. దీన్ని ఫ్లాప్ అంటారు. రొమ్ము మళ్లీ కావాలనుకునే స్త్రీ ముందు ఇప్పటికీ ముఖ్యంగా ఉన్నవి ఈ రెండు దారులే. హైదరాబాద్‌కు దూరంగా, పిట్లం లాంటి ఊళ్లో ఉండే మనిషి కోసం వీటిని బేరీజు వేస్తే లెక్క మారుతుంది.

రాడొవాన్ పద్ధతిలో ఆకర్షణ ఉంది, కాదనను. గర్భిణి పొట్ట మీది చర్మం నెలనెలా సాగినట్టే ఛాతీ చర్మమూ సాగుతుంది. కడుపు మీద, వీపు మీద కొత్త కోత ఉండదు. ఆపరేషన్ చిన్నది, ఇంటికి త్వరగా వెళ్లొచ్చు. కానీ అసలు పరీక్ష ఇంటికి వెళ్లాకే మొదలవుతుంది.

రొమ్ము తీశాక మిగిలే చర్మం పలచన, దానికి రక్తం అంతంతమాత్రం. లోపలి నుంచి సంచి ఒత్తితే కొన్నిచోట్ల నల్లబడి చచ్చిపోవచ్చు. చుట్ట, బీడీ తాగేవాళ్లకు, షుగర్ అదుపులో లేనివాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. చర్మం చిట్లి సంచి బయటపడితే చాలాసార్లు తీసేయక తప్పదు. ఇన్ఫెక్షన్ ఇంకా మొండిది. సిలికాన్ మీద సూక్ష్మజీవులు పొరలా అతుక్కుంటాయి, ఆ పొరలోకి మందు సరిగా చేరదు. ఒక్కోసారి సంచి తీస్తే తప్ప తగ్గదు. ఈలోగా కీమోథెరపీ వాయిదా పడవచ్చు. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద నష్టం అదే. రొమ్ము ఆకారం కోసం క్యాన్సర్ వైద్యం ఆగకూడదు. ఇవిగాక నీరు చేరడం, సంచి కారడం, సూది గుచ్చే పోర్టు తిరగబడటం ఉన్నాయి. చాలా రకాల పోర్టుల్లో అయస్కాంతం ఉంటుంది కాబట్టి ఎమ్మారై స్కాన్ రాసిన డాక్టరుకు ఒంట్లో ఎక్స్‌పాండర్ ఉందని ముందే చెప్పితీరాలి.

పిట్లం నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్ల పైనే. సెలైన్ కోసం మళ్లీమళ్లీ బస్సెక్కాలి, తోడు ఒకరు రావాలి, ఇద్దరి కూలీ పోతుంది. అదైనా భరించవచ్చు. ఛాతీ ఎర్రబడి జ్వరం వచ్చిన రాత్రి సంగతే నన్ను భయపెడుతుంది. తెల్లారి చూద్దాంలే అనుకుంటే సంచి దక్కకపోవచ్చు. పిట్లానికి బాన్సువాడ పట్టణం దగ్గరే, కానీ ఎక్స్‌పాండర్ పెట్టిన సర్జన్ ఉండేది అక్కడ కాదు.

హార్ట్రాంఫ్ దారిలో కష్టమంతా ముందే. ఆపరేషన్ గంటల తరబడి సాగుతుంది, ఆస్పత్రిలో ఎక్కువ రోజులుండాలి. కడుపు కండ పోయినందువల్ల పొట్ట ఉబ్బవచ్చు, హెర్నియా రావచ్చు. నాట్లు వేసి, గంపలెత్తే మనిషికి ఇది చిన్న విషయం కాదు. కండను వదిలి చర్మం, కొవ్వు, రక్తనాళాలనే తీసే డీప్ ఫ్లాప్ తర్వాత వచ్చింది. అయితే దానికి మైక్రోసర్జన్ కావాలి, మొదటి రెండు మూడు రోజులు నాళంలో రక్తం గడ్డకడుతుందేమోనని కనిపెట్టుకుని ఉండాలి. ఆ గండం మాత్రం ఆస్పత్రిలో, నర్సు కళ్లెదుట గడుస్తుంది. ఇంటికొచ్చాక ఆమె ఒంట్లో ఉన్నది తన మాంసమే.

అమెరికా, కెనడాల్లో 2,343 మంది స్త్రీలను రెండేళ్లు గమనించి 2018లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇటే చూపుతుంది. మొత్తం ఇబ్బందులు ఫ్లాప్ వాళ్లకే ఎక్కువ. పునర్నిర్మాణమే పూర్తిగా విఫలమవడం మాత్రం ఎక్స్‌పాండర్ వాళ్లలో ఎక్కువ. మొదటి వాక్యం ఒక్కటే వింటే సంచి గెలిచినట్టుంటుంది. నేను రెండోదానికే ఎక్కువ బరువిస్తాను. గాయం ఆలస్యంగా మానడమూ, చేసిందంతా తీసేయాల్సి రావడమూ ఒకే తూకం కావు.

మన దగ్గర చాలామందిలో జబ్బు ముదిరాకే బయటపడుతుంది, కాబట్టి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాల్సిన అవసరమూ ఎక్కువే. రేడియేషన్ పడ్డ చర్మం సరిగా సాగదు. సంచి చుట్టూ పొర బిగుసుకుని రొమ్ము రాయిలా గట్టిపడవచ్చు, నొప్పి పెట్టవచ్చు. సొంత కండ రేడియేషన్ సోకిన చోటికి కొత్త రక్తాన్ని తెస్తుంది. రేడియేషన్ ఖాయమని ముందే తెలిసిన పల్లె స్త్రీకి ఎక్స్‌పాండర్‌ను తొలి సలహాగా ఇవ్వడం నాకు సమ్మతం కాదు. రేడియేషన్ అక్కర్లేకుండా, ఆస్పత్రికి దగ్గర్లో ఉండి, కడుపు కోత వద్దనుకునే ఆమెకు అది మంచి దారే.

2019 జూలైలో అలర్గాన్ కంపెనీ గరుకు పైపొర ఉన్న ఇంప్లాంట్లను, ఎక్స్‌పాండర్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఆ పొరతో ముడిపడిన అరుదైన లింఫోమా క్యాన్సర్ అందుకు కారణం. అందుకే ఏ కంపెనీది, ఏ రకం పెట్టారో రాసిన కార్డు అడిగి తీసుకోవడం రోగి హక్కు.

రొమ్ము తీసిన రోజే ఇదంతా తేల్చుకోవాలన్న నియమమూ లేదు. వైద్యమంతా ముగిశాక, కొన్ని నెలలో ఏడాదో ఆగి ఫ్లాప్ చేయించుకోవచ్చు. అసలేమీ వద్దనుకుని బ్రాలో పెట్టుకునే సిలికాన్ రొమ్ముతో, అదీ లేకుండానూ బతకవచ్చు. రొమ్ము తీసే ముందు జరిగే మొదటి మాటల్లోనే డాక్టరు ఈ సంగతి ఆమెకు చెప్పాలి.