పండగ ఎరుగని పని

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలకు పొరుగునే ఉన్న నిజామాబాద్ సీమలో, 1907లో హైదరాబాద్ సంస్థానానికి వచ్చిన వెస్లియన్ మిషనరీ దంపతులు జార్జ్ కెర్, డాక్టర్ ఇసబెల్ కెర్‌ల పేరు డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రితో ముడిపడి ఉంది; అయితే అటువంటి ఆసుపత్రిని రోజూ నిలబెట్టే విద్య పుండుకు కట్టు కట్టడమే.

కుష్ఠు నరాలను దెబ్బతీసి స్పర్శను హరిస్తుంది కనుక అరికాలిలో ముల్లు దిగినా రోగికి తెలియదు. అందువల్ల నొప్పి చెప్పని పుండును కంటితో కనిపెట్టి, అంటుకుపోయిన పాత గుడ్డను తడిపి మెల్లగా ఊడదీసి, కడిగి, జారిపోకుండా, రక్తం ఆడనంతగా బిగియకుండా కొత్తది చుట్టడం కట్టు కట్టేవారి నేర్పు. కుష్ఠును నయం చేసే సల్ఫోన్ మందులు రాకముందు వాడిన హిడ్నోకార్పస్ నూనె, అంటే ఒక అడవి చెట్టు గింజల నుంచి తీసే చిక్కని తైలం, సూదితో ఎక్కించినప్పుడు బాధ పెట్టేది కాబట్టి, ఆ సూది వేసే పనికి చేతి నేర్పుతో పాటు ఓర్పూ కావలసి వచ్చేది.

పుండుకు సెలవుండదు, క్రిస్మస్ నాడైనా దీపావళి నాడైనా కట్టు మార్చక తప్పదు. సొంత ఊరి పండగకు దూరంగా పరదేశంలో సేవ చేసేవారికి, వారి పక్కన నిలిచే స్థానిక సహాయకులకు, శుభ్రంగా చుట్టిన ఆ తెల్లని గుడ్డే పండగ పూట దక్కే నిండైన తృప్తి.