తుపాకీ లేని పేజీలు

కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ 'నిర్జన వారధి' (2012)లో అజ్ఞాతవాసం రోజుల కంటే ఆ తర్వాతి పేజీల దగ్గరే నేను ఎక్కువసేపు ఆగిపోయాను. భర్త వదిలేసి వెళ్ళాక, ముప్పై దాటిన వయసులో హైదరాబాదు వచ్చి, ఆంధ్ర మహిళా సభలో మళ్ళీ చదువు మొదలుపెట్టడం. తర్వాత కాకినాడలో హాస్టల్ ఉద్యోగం. పోరాట చరిత్రల్లో వీటికి చోటెక్కడిది? తుపాకీ లేదు కదా! ఆమె ధైర్యం నాకు మాత్రం ఇక్కడే కనిపించింది. కొడుకునీ కూతురునీ కూడా పోగొట్టుకున్న మనిషి ఎక్కడా గొంతు పెంచదు. నాకున్న పేచీ కూడా దానితోనే. అంతమందిని నడిపించిన సీతారామయ్యని ఇంకాస్త గట్టిగా నిలదీయొచ్చు కదా అని విసుగొచ్చింది. రెండోసారి చదివితే అనుమానమొచ్చింది: ఆ కోపం ఆమె మింగేసిందా, లేక దాన్నెప్పుడో దాటేసిందా? పుస్తకం చెప్పదు.