దూరదర్శన హాస్య ధారావాహికలు: నాటి నవ్వు, నేటి నవ్వు

హాస్యము ఆత్మస్థమనియు పరస్థమనియు రెండు విధములని భరతుడు నాట్యశాస్త్రమున చెప్పెను. తాను నవ్వుట మొదటిది, ఇతరులను నవ్వించుట రెండవది. టెలివిజను హాస్యమును పరిశీలించువారు ఈ విభాగమును కొంత సాగదీసి వాడుకొన్నను ముని కోపింపడని తలంపవచ్చును. ప్రేక్షకుడు తెరపై తన యింటిని, తన పిరికితనమును, తన దురాశను గుర్తించి నవ్వుకొనునట్లు చేయు హాస్యమును ఆత్మస్థమనవచ్చును. ఎదుటివాని శరీరమును, యాసను, పేదరికమును చూపి నవ్వించుదానిని పరస్థమనవచ్చును. గడచిన 40 సంవత్సరములలో తెలుగువారి యిండ్లలో ప్రవేశించిన హాస్య ధారావాహికలను ఈ గీటురాతిపై గీచి చూచుట ఈ వ్యాసోద్దేశము.

ఆంగ్లమున సిట్‌కామ్ అను పేరుగల ఈ ప్రక్రియకు లక్షణము చెప్పుట సులభము. అదే యిల్లు, అవే వాటాలు, అదే మనుష్యులు. వారమునకొక క్రొత్త చిక్కు. చిక్కు విడిన పిమ్మట అందరును బయలుదేరిన చోటికే తిరిగి వత్తురు. ఎవరును మారరు, ఎవరును బాగుపడరు. నాటకమునకు, నవలకు ఇది దోషము కావచ్చును గాని ఈ ప్రక్రియకు ఇదియే ప్రాణము. తెలుగువారికి ఈ పద్ధతి పరాయిది కాదు. బడిపంతులుగా జీవించిన మునిమాణిక్యము నరసింహారావు వ్రాసిన కాంతం కథలలో భర్త ప్రతికథయందును ఏదో ఒక గొప్పకు పోవును, కాంతము చేతిలో ఓడిపోవును, మరుసటి కథలో మరల అదే గొప్పతో లేచి కూర్చుండును. టెలివిజను పుట్టకమునుపే తెలుగు సంసార హాస్యమునకు పునాది ఆ విధముగా పడియున్నది.

ఐనను ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములు టెలివిజనులో మొదట నవ్వినది తెలుగున కాదు. షోలాపురము, భివండీలలోని మగ్గముల యిండ్లవారును, బరంపురము, జయపురము వారును, బళ్లారి వారును 1980 దశకమున ఢిల్లీ ప్రసారము చేసినదానినే చూచిరి. ఈటీవీ, జెమినీ రెండును ఉపగ్రహము ద్వారా వచ్చినది 1995లోనే. యానాము వారి సంగతి వేరు. చుట్టును గోదావరి జిల్లాయే కనుక వారి చెవులకు తెలుగు హాస్యమునకు కరవు లేదు.

1984లో వచ్చిన ‘యే జో హై జిందగీ’ని హిందీ వ్యంగ్య రచయిత శరద్ జోషి వ్రాసెను. షఫీ ఇనాందార్, స్వరూప్ సంపత్ దంపతులుగా నటించిరి. సతీశ్ షా మాత్రము వారమునకొక క్రొత్త వేషముతో వచ్చెడివాడు. ఇల్లు కదలదు, వచ్చిపోవువాడు మారుచుండును. ఒకడే నటుడు ఇందరుగా వచ్చుట వలన ప్రేక్షకుడు ఆ వేషములను నిజమనుకొనక, వానివలన ఆ యింటివారు పడు ఇబ్బందిని చూచి నవ్వెడివాడు. దీనికంటె లోతైనది 1988 నాటి ‘వాగ్లే కీ దునియా’. మైసూరులో పుట్టి బొంబాయిలో పేరొందిన వ్యంగ్యచిత్రకారుడు ఆర్.కె. లక్ష్మణ్ ఊహ దానికి మూలము. కుందన్ షా దర్శకుడు. అంజన్ శ్రీవాస్తవ్ వాగ్లేగాను, భారతీ ఆచ్రేకర్ అతని భార్య రాధికగాను నటించిరి. వాగ్లే చిన్న గుమాస్తా. అతనికి కలిగిన కష్టము గోరంత, దానిని గూర్చిన భయము కొండంత. ఒక భాగమున అతనిని కారుతో గుద్దిన యువకునిగా, నాటికింకను పేరు రాని షారుఖ్ ఖాన్ కనబడును. కారు తగిలిన దెబ్బకంటె, ఆ తరువాత ఏమి చేయవలెనో తెలియక తికమకపడుటయే వాగ్లేకు పెద్ద బాధ. నెలజీతముపై బ్రదుకు ప్రతి యింటివారును, మరాఠీయైనను తెలుగైనను, ఆ తికమకను ఎరుగుదురు. అందువలననే పరభాషలో నడచిన ఆ కథ వారికి పరాయిదిగా తోపలేదు.

ఈ వాగ్లే మరల 2021 ఫిబ్రవరిలో సోనీ సబ్ ద్వారా వచ్చెను. సుమీత్ రాఘవన్ కుమారుడు రాజేశ్ వాగ్లేగా నటింపగా, పాత దంపతులుగా ఆ యిద్దరు నటులే 33 సంవత్సరముల వయస్సును మోసికొని తిరిగి వచ్చిరి. ఇట్టి అవకాశము ఏ ధారావాహికకును తరచుగా దొరకదు. కాని క్రొత్తది వారమునకొకమారు వచ్చునది కాదు, దాదాపు ప్రతిదినము వచ్చునది. ప్రతిదినము నవ్వు పుట్టుట ఎవరి తరమును కాదు. కనుక నవ్వు చాలనిచోట నీతి వచ్చి కూర్చుండెను. పిల్లల చదువు, ఇరుగుపొరుగుల తగవు, వృద్ధుల ఒంటరితనము, ఇట్టి సమస్యయేదో తలయెత్తుటయు, సాయంకాలమునకు పరిష్కారము దొరకుటయు అలవాటైనది. పాత వాగ్లేకు పరిష్కారము తెలియదు. తెలియకపోవుటలోనే అతని హాస్యము కలదు. క్రొత్త కథ మంచిది, మర్యాద గలది. అందు వృద్ధ వాగ్లే ఏదో గొణుగుచు నడచిపోవునప్పుడు మాత్రము పాత వెలుగు ఒక్క క్షణము మెరసి పోవును.

తెలుగున ఈ ప్రక్రియకు నిలువెత్తు ఉదాహరణము ‘అమృతం’. గుణ్ణం గంగరాజు రూపొందించిన ఈ ధారావాహిక 2001 నవంబరు 18న జెమినీలో మొదలై 2007 నవంబరు వరకు ఆదివారపు రాత్రులలో 300కు పైగా భాగములుగా నడచెను. అమృతరావు, ఆంజనేయులు ప్రాణమిత్రులు. వారి భార్యలు సంజీవని, శాంత. ఇంటి యజమాని అప్పాజీ. వారు నడపు హోటలు ‘అమృత విలాస్’. అందు వడ్డించువాడు సర్వం. పేర్లలోనే సగము నవ్వు కలదు. అమృతము, సంజీవని, ఆంజనేయుడు ముగ్గురును ప్రాణమును నిలుపు పురాణనామధారులు. ఆ హోటలు తిండి తిన్నవాడు మాత్రము మరల ఆ వాకిలి త్రొక్కడు. ఒక్కసారిగా ధనవంతులు కావలెనని అమృతమునకు వారమునకొక ఆలోచన వచ్చును, అది తలక్రిందులగును, మరుసటి ఆదివారమునకు వాడు దానిని మరచిపోవును. కష్టపడకయే కలిసిరావలెనను కోరిక లేనివాడెవడు? ప్రేక్షకుడు నవ్వుచున్నది తన కోరికను చూచియే.

ఈ ధారావాహికలో విమర్శకులు అంతగా పట్టించుకొనని విశేషమొకటి కలదు. అమృతము పాత్రను శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ అను ముగ్గురు నటులు ఒకరి తరువాత ఒకరు ధరించిరి. ముగ్గురి ముఖములు వేరు, నడకలు వేరు. ఐనను ధారావాహిక కూలలేదు. ఆంజనేయులు పాత్రయందు మాత్రము గుండు హనుమంతరావు ఒక్కడే మొదటినుండి తుదివరకు నిలిచెను. దీనినిబట్టి ఊహింపదగినదేమన, తెలివితక్కువ ఆలోచన చేయువాడు ఎవడైనను కావచ్చును. దానిని వినగానే నమ్మి, కన్నులు పెద్దవి చేసి వెంటనడచు స్నేహితుడు దొరకుట దుర్లభము. హాస్యము అమృతము మాటలో పుట్టి ఆంజనేయులు ముఖమున పండెడిది. విజయవాడ రంగస్థలము నుండి వచ్చిన హనుమంతరావు 2018 ఫిబ్రవరిలో మరణించెను. 2020 ఉగాదికి జీ5 ద్వారా ‘అమృతం ద్వితీయం’ వచ్చినప్పుడు ఆ పాత్రను ఎల్.బి. శ్రీరామ్ ధరించెను. శ్రీరామ్ గొప్ప హాస్యనటుడు, స్వయముగా రచయిత. కాని అతని కన్నులలో ఎప్పుడును ఒక తెలివి కదలుచుండును. అమృతమును నమ్మువాని కన్నులు అట్లుండరాదు. శివన్నారాయణ అప్పాజీగాను, వాసు ఇంటూరి సర్వంగాను మరల వచ్చినను ఆ లోటు తీరలేదు.

అంతకుముందు 2014లో గంగరాజే ‘చందమామలో అమృతం’ అను చలనచిత్రమును తీసి ఆ మిత్రులను చంద్రమండలమున హోటలు పెట్టుటకు పంపెను. ఊహ ఘనమైనదే. కాని అద్దె అడుగు అప్పాజీ వాకిట నిలుచు భయము లేనిచోట అమృతము మామూలు విదూషకుడగును. ఈ హాస్యమునకు ఇరుకు అవసరము. నాలుగు గదులు దాటినచో అది గాలిలో కలిసిపోవును.

పాతవానిని పొగడుచు వాని దోషములను దాచుట ధర్మము కాదు. ‘అమృతం’లో భార్యలు వివేకవతులు, భర్తల పథకము పాడగునని ముందే ఎరుగుదురు. కాని వెర్రితనము చేయు హక్కు వారికి పెద్దగా లభింపలేదు. 2023 నాటి ‘సేవ్ ది టైగర్స్’లో భార్యల ఉద్యోగములు, ఆశలు కథలోనికి వచ్చినవి, ఐనను నవ్వు పుట్టునది ముగ్గురు భర్తల మొరనుండియే. ఇరువది యేండ్లు గడచినను ఈ విషయమున నడచిన దూరము స్వల్పము.

అంతకంటె పెద్ద దోషము భాషకు సంబంధించినది. 1993లో దూరదర్శన్ ప్రసారము చేసిన ‘జబాన్ సంభాల్‌కే’ ఒక హిందీ పాఠశాల కథ. ఉద్యోగము వేరొకటి దొరకక హిందీ పంతులైన మోహన్ భారతిగా పంకజ్ కపూర్, ప్రధానాధికారిణి మిస్ దీక్షిత్‌గా శుభా ఖోటే, ఆంగ్లేయ విద్యార్థిగా టామ్ ఆల్టర్ నటించిరి. దీనికి మూలము 1977 నాటి బ్రిటిష్ ధారావాహిక ‘మైండ్ యువర్ లాంగ్వేజ్’. జాతులను మూసపోసి హేళనచేయుచున్నదను అభ్యంతరముపై లండను సంస్థ దానిని 1979లో నిలిపివేసెను. హిందీ రూపములోను గుజరాతీ, పంజాబీ, మరాఠీ, తమిళ పాత్రలు తమ తమ ఉచ్చారణముతోనే నవ్వు పుట్టింపవలసివచ్చెను. భాషాబోధకునికి ఈ ధారావాహిక చూచుట ఒక పరీక్ష. క్రొత్త భాష నేర్చువాని తప్పు తరగతిలో నవ్వులపాలైనచో, వాడు మరునాడు నోరు విప్పడు. ఐనను ఇందు ఒక మినహాయింపు కలదు. హిందీలో కుర్చీ స్త్రీలింగమేల యని తడబడు తెలుగువాడు ఆ తరగతిలో తనను తాను చూచుకొనగలడు. ఇచట ఆత్మస్థమును పరస్థమును ఒకే నవ్వులో పెనవైచుకొన్నవి, వేరుచేయుట కష్టము. పంకజ్ కపూర్ సహనము కూడ ఆ మొరటుతనమును కొంత తగ్గించెను.

2013 ఫిబ్రవరిలో ఈటీవీ మొదలిడిన ‘జబర్దస్త్’ ధారావాహిక కాదు, చిన్న ప్రహసనముల పోటీ. కాని తెలుగు టెలివిజనులో హాస్యమనగానే నేటి పిల్లలకు స్ఫురించు రూపమదియే కనుక దానిని విడుచుటకు వీలులేదు. అది పేరులేని ఎందరో నటులకు జీవనోపాధి కల్పించెను. జిల్లాల యాసలను తెరకెక్కించెను. ఆ మేలు కాదనరానిది. ఐతే అందలి నవ్వు ఎక్కువగా పొట్టితనము, లావు, నల్లదనము, ఆడువేషము వేసిన మగవాడు, వీనిపై ఆధారపడును. పాత్ర పది నిమిషములలో ముగియును గనుక స్వభావము ఏర్పడుటకు వ్యవధి లేదు. స్వభావము లేనిచోట దేహమే మిగులును. ఎక్కడ నవ్వవలెనో న్యాయనిర్ణేతల నవ్వే చెప్పును. ప్రాసతో విసరు మాటలకు ‘పంచ్’ అని పేరు. అవి సరిక్రొత్త సినిమాలను ఎరిగినవారికే అర్థమగును. ఇరుగుపొరుగులు మాటాడుకొను తెలుగు, అద్దె అడుగు తెలుగు, అప్పు తప్పించుకొను తెలుగు అందు వినబడుట అరుదు. బళ్లారిలోనో, హోసూరులోనో యింటిలో తప్ప తెలుగు వినని పిల్లవానికి ‘అమృతం’ ఇచ్చినది ఆ తెలుగే. “వాటా ఖాళీ చేయండి” అనుటలో ఎన్ని స్వరములు కలవో పాఠ్యపుస్తకము చెప్పజాలదు, అప్పాజీ చెప్పెను.

ఐనను నేటి హాస్యమంతయు దిగజారినదనుట అన్యాయము. 2020లో వచ్చిన హిందీ ‘పంచాయత్’ పాత సూత్రమునే పట్టుకొని గెలిచెను. ఇష్టములేని ఊరిలో పంచాయతీ కార్యదర్శిగా చిక్కుకొన్న పట్నపు యువకుడు, ఒక కార్యాలయపు గది, నలుగురు మనుష్యులు. దాని తెలుగు రూపము ‘సివరపల్లి’ 2025 జనవరిలో వచ్చెను. రాగ్ మయూర్ కార్యదర్శి. కథను తెలంగాణ పల్లెకు మార్చుట వలన ఒక మేలు జరిగెను. తెలుగు సినిమాలలో చిరకాలము రౌడీలకును నౌకరులకును అంటగట్టిన తెలంగాణ పలుకుబడి ఇందు ఊరందరి మాట. సర్పంచి భార్యయు ఆ మాటయే, ఆమె కోపమును ఆ మాటయే. దానిని విని ఎవరును నవ్వరు. ఆ మాటలోని మనిషిని చూచి నవ్వుదురు. ఈ ఒక్క విషయమున ‘సివరపల్లి’ పాతవాని నన్నిటిని మించినది.

ఒక చిన్న సంగతి మిగిలినది. ఇట్టి క్రొత్త ధారావాహికలు అడుగున ఆంగ్లాక్షరముల అనువాదముతో వచ్చును. తెలుగు చదువని పిల్లలు, మాట వారి చెవికి చేరుటకంటె ముందుగా ఆ వరుసను చదివి నవ్వుదురు. అదే గదిలో కూర్చున్న అవ్వ మాట పూర్తియైన పిమ్మట నవ్వును. రెండు నవ్వుల నడుమ ఆ రెండు క్షణముల యెడము షోలాపురములో కలదు, బరంపురములోను కలదు. ‘అమృతం’ ప్రసారమైన ఆదివారములలో తెరపై ఆ వరుస లేకుండెను, పిల్లవానికి మాట తెలియనిచో “ఏమన్నాడే అవ్వా?” అని అడుగవలసివచ్చెడిది.