భద్రతకు విడిగా వెల కట్టవచ్చునా?

వెబ్‌సైటుకూ చదువరి కంప్యూటరుకూ మధ్య ప్రయాణించే సమాచారాన్ని దారిలో ఇతరులు చదవకుండా, మార్చకుండా సంకేతలిపిలోకి మార్చి పంపే పద్ధతిని హెచ్‌టీటీపీఎస్ అంటారు. 1990ల మధ్యలో నెట్‌స్కేప్ సంస్థ ఆన్‌లైన్ కొనుగోళ్లను దృష్టిలో పెట్టుకొని దీనికి పునాది వేసింది కాబట్టి, చాలాకాలం ఇది డబ్బు చేతులు మారే చోటికే పరిమితమై, తక్కిన చోట్ల అదనపు సౌకర్యంగా మిగిలిపోయింది. తన జబ్బు గురించి వెతుక్కునే మనిషి రహస్యం బ్యాంకు ఖాతా రహస్యం కంటే తక్కువదని ఎవరు నిర్ణయించారు?

ఆనాటి సైట్లలో అనేకం పాస్‌వర్డ్ అడిగే పేజీని మాత్రమే కాపాడి, ఆ తర్వాత ఖాతాదారును గుర్తించడానికి బ్రౌజరు ప్రతిసారీ పంపే చిన్న గుర్తును, అంటే కుకీని, బాహాటంగా వదిలేసేవి. బహిరంగ వై-ఫైలో ఆ కుకీని పట్టుకున్నవారు పాస్‌వర్డ్ తెలియకుండానే ఇతరుల ఖాతాలోకి ప్రవేశించగలరని, 2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ విడుదల చేసిన ఫైర్‌షీప్ అనే ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు అనుబంధం అందరికీ కళ్లకు కట్టినట్లు చూపింది.

సైటు అంతటా హెచ్‌టీటీపీఎస్ వాడితే ఖర్చు ఎక్కువన్న వాదన అప్పటికే బలహీనపడింది. అదే ఏడాది జనవరిలో జీమెయిల్‌లో హెచ్‌టీటీపీఎస్‌ను డిఫాల్టుగా అమలు చేసిన గూగుల్, ఇందుకు కొత్త యంత్రాలేవీ అవసరం కాలేదని, సర్వర్ల ప్రాసెసర్లపై పడిన భారం ఒక శాతం లోపేనని వెల్లడించింది. సైటు గుర్తింపును ధ్రువీకరించే సర్టిఫికెట్ ధర ఇంకా అడ్డంకిగా మిగలగా, 2015 డిసెంబరులో అందరికీ అందుబాటులోకి వచ్చిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సేవ, 90 రోజుల గడువుండి దానంతటదే పునరుద్ధరణ జరిగే సర్టిఫికెట్లను ఉచితంగా ఇవ్వడంతో అదీ తొలగిపోయింది. అంతకు ఏడాది ముందే, 2014 సెప్టెంబరులో, వెబ్‌సైట్లకు సేవలందించే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ అప్పటిదాకా రుసుము కట్టినవారికే ఇస్తున్న ఈ రక్షణను ఉచిత ఖాతాలకూ విస్తరించింది.

అయితే ఈ రక్షణను అందరికీ ఉచితంగా ఇవ్వడానికి ఖర్చు కంటే బలమైన కారణం మరొకటి ఉంది. ఒకే సేవలో ఇద్దరు సందేశాలు రాసుకుంటూ, ఒకరు రుసుము కట్టి, మరొకరు కట్టకపోతే, మొదటివారి మాటలు రెండోవారి దారిలో బట్టబయలవుతాయి కాబట్టి, డబ్బు కట్టినవారికి కూడా కొన్న వస్తువు పూర్తిగా దక్కదు. సైటు నడిపేవారి నిజాయతీకి హెచ్‌టీటీపీఎస్ పూచీ పడదు, మోసగాళ్లూ దాన్ని వాడుకుంటారు. అయినా దారిలో పొంచి ఉన్నవారి నుంచి కాపాడటమన్న దాని పరిమిత కర్తవ్యం పేద చదువరికీ అంతే అవసరం. సంస్థలు నిల్వ స్థలానికో, సిబ్బంది సహాయానికో రుసుము అడగడం న్యాయమే. ఈ రక్షణకు అడగడం అన్యాయం.

ఈ దిశలోనే 2018 జూలైలో క్రోమ్ బ్రౌజరు హెచ్‌టీటీపీఎస్ లేని ప్రతి సైటునూ సురక్షితం కాదని చూపడం మొదలుపెట్టింది. భద్రత సర్వసాధారణమైందన్న కారణంతో 2023లో చిరునామా పట్టీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌ను సూచించే తాళం గుర్తునే తీసేసింది.