గడ్డం పట్టుకున్న సింహం

ఎగువ అహోబిలంలో జ్వాలా నరసింహుడు హిరణ్యకశిపుణ్ణి ఒడిలో వేసుకుని చీలుస్తుంటాడు. దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరద స్వామి గుడి స్తంభం మీద అదే చెయ్యి ఒక చెంచు పిల్ల గడ్డం పట్టుకుని బతిమాలుతుంటుంది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా ఎప్పుడు వెళ్లినా నేను ఎక్కువసేపు నిలబడేది ఈ స్తంభం దగ్గరే. స్వామి క్షమించాలి.

విజయనగర కాలపు పని. శిల్పికి వచ్చిన చిక్కు చూడండి. ప్రేమించేవాడిది సింహం ముఖం. సిగ్గు, ముసినవ్వు, ఓరచూపు దానికి అబ్బవు. కోరలు, జూలు, గుడ్లురిమే కళ్లు, అన్నీ కోపానికి పుట్టినవే. అందుకే ముఖాన్ని దాని మానాన వదిలేసి వలపంతా వేళ్లకు అప్పగించాడు. అలిగిన పిల్లని మన ఇళ్లలో ఎలా బుజ్జగిస్తామో అలాగే! దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. తెలుగువాడు చూడగానే నవ్వుతాడు.

రాళ్లతో ప్రేమను చెప్పిన పని వేరే దేశంలోనూ ఉంది. ఇంగ్లండులో సోమర్సెట్ కౌంటీలోని లో హామ్ అనే చోట, 4వ శతాబ్దపు రోమన్ భవనంలో స్నానాల గది నేల మీద కార్తేజ్ రాణి డైడో, ట్రాయ్ వీరుడు ఈనియాస్‌ల ప్రేమకథ ఉండేది. రంగురాళ్ల ముక్కలు పేర్చి ఐదు దృశ్యాలుగా కూర్చారు. అందులో వేటకెళ్లిన చోట మనసులు కలుస్తాయి. గొప్ప పనే, కాదనను. కానీ ముక్క సరిగ్గా పడకపోతే పీకి మరోటి పెట్టుకోవచ్చు. మనవాడికి ఆ వెసులుబాటు లేదు. గడ్డం కింద వేలు తేలాలంటే దాని చుట్టూ ఉన్న రాయి పోవాలి. ఉలి ఒక్క వెంట్రుకవాసి జారిందా, వేలూ పోతుంది, బతిమాలడమూ పోతుంది.

ఆళ్లగడ్డలో శిల్పుల పాకల ముందు ఆగితే ఈ భయం ఇప్పటికీ వినబడుతుంది. రాయిని సుత్తితో తట్టి చెవి పెడతారు. గంటలా ఖంగుమంటే సరే, బొంగురుగా పలికిందా లోపల పగులున్నట్టే. విగ్రహానికి కళ్లు తెరవడం అన్నిటికన్నా చివర.

అహోబిలంలో కనుమనాడు చెంచులు స్వామి పల్లకీ మీదికి బాణాలు వేస్తారు. దాంతో పారువేట ఉత్సవం మొదలు. నలభై రోజులకు పైగా స్వామి తన పెళ్లికి పిలవడానికి ఊరూరా తిరుగుతాడు. ఊళ్లన్నీ ఆ పెళ్లి ఖాయమనే అనుకుంటాయి. స్తంభం మీద మాత్రం ఆ చెంచు పిల్ల ఇంకా ఊ అనలేదు.